మా ఆవిడ చేత్తో కప్పిన టైలు

మొన్న ఆదివారం కెల్లీవిల్‌లో మా అమ్మాయి ఇంట్లో, యూనివర్సిటీలో ఇంటీరియర్ డిజైన్ చదువుతున్న మనవరాలు, ఉద్యోగానికి పోర్ట్‌ఫోలియో కావాలంటూ తను తీర్చిదిద్దిన వంటగదిని ఫోనులో ఫొటోలు తీస్తుంటే, ఫొటో అనగానే అలవాటుగా చొక్కా సర్దుకుని వెళ్ళి పొయ్యి పక్కన నిలబడ్డాను. "తాతయ్యా, కెన్ యూ మూవ్? నో పీపుల్, ప్లీజ్," అంది. పక్కకి జరిగాను గాని, మనసు జరగమంటే అంత కొంచెంలో ఆగుతుందా, ముప్పై ఏళ్ళు వెనక్కి జరిగి అప్పట్లో మేమున్న బ్లాక్‌టౌన్‌లో నా సొంత పోర్ట్‌ఫోలియో దగ్గర కూర్చుంది.

నాకూ ఒకటుండేది మరి. పెళ్ళి ఫొటోలు పెట్టుకునే లావుపాటి ఆల్బమ్, అట్ట మీద గులాబీలు.

మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద ఈ పరాయి దేశం వస్తే, ఆవిడ సామానుతో పాటు నేనూ వచ్చాను. తెనాలిలో ఎనిమిదో తరగతి దగ్గర బడీ నేనూ ఒకరికొకరం దణ్ణం పెట్టుకుని విడిపోయాక, నేర్చిందల్లా టైల్స్ పని ఒక్కటే. ఇక్కడ దానికి కాగితం ఏదీ అంటే లేదు. నలుగురూ కలిసినచోట మీవారేం చేస్తారని అడిగితే, వంట బాగా చేస్తారని మా ఆవిడ నవ్వుతూ చెప్పేది. నేనూ అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి గాని, ఇంటికొచ్చాక ఆ బాగా చేసిన వంటే సహించేది కాదు.

అప్పుడు మా పొరుగున ఉన్న వరంగల్ టాక్సీ డ్రైవరు దారి చూపించాడు. "కాగితాలెవడు జూస్తడన్నా, చేసిన పని ఫొటోలు చూపియ్యి, సాలు," అన్నాడు. చూపించడానికి పని కావాలి గనక ఆయన స్నానాలగదితోనే మొదలుపెట్టి, భోజనం కూలీగా నాలుగిళ్ళలో టైల్స్ వేశాను. అయితే మనవాళ్ళు మనిషి లేని గోడకి రీలు తగలెయ్యనిస్తారా? ఒక ఇంట్లో ఆంటీ పట్టుచీర కట్టుకుని కుళాయి దగ్గర నిలబడింది, ఇంకో ఇంట్లో బామ్మగారిని షవరు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టాక్సీ ఆయన ఇంట్లో మాత్రం మా ఆవిడే, డ్యూటీ బట్టల్లోనే, గోడ మీద ఒకచోట అరచెయ్యి ఆనించి నిలబడింది. అక్కడెందుకో నాకూ ఆవిడకే తెలుసు. నా మొదటి గోడలో రసమట్టం బుడగ మాట వినని టైలు ఒకటి వంకరగా పోయింది.

పని అడుగుతూ వెళ్తే, టైల్స్ పనులు పట్టే ముసలి ఇటలీ ఆయన నా ఆల్బమ్ ఓపిగ్గా తిప్పి, చివర్న కళ్ళజోడు పైకి తోసి, "మేట్, వేర్ ఈజ్ ద వాల్?" అన్నాడు. తరవాత మా ఆవిడ ఫొటో దగ్గరికి వెనక్కొచ్చి, సరిగ్గా ఆ చెయ్యి మీద వేలుపెట్టి, దీనికింద ఏముందన్నాడు. అబద్ధమాడేంత ఇంగ్లీషు నాకు లేదు. "బ్యాడ్ టైల్. మై వైఫ్ హైడింగ్," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వి, తన షెడ్డులో ఒక గోడ చూపించి టైల్స్ వెయ్యమన్నాడు. సాయంత్రం రసమట్టం పెట్టి చూసుకుని, సోమవారం పొద్దున ఆరున్నరకి పనిలోకి రమ్మన్నాడు. ఆ ఆదివారమే మా ఆవిడ నలుగురిలో, మావారు టైల్స్ మేస్త్రీ అండీ అంది, ఎవరూ అడక్కుండానే.

ఇదంతా చెప్పి, ఇంటికెళ్ళి ఆల్బమ్ తెచ్చి చూపిస్తే మనవరాలు ముచ్చటపడి, "తాతయ్యా, ఐ కెన్ ఫిక్స్ దిస్. ఫోన్లో అమ్మమ్మ చెయ్యి తీసేసి టైల్ స్ట్రెయిట్ చేస్తా," అంది. చెయ్యగలదు, నాకు తెలుసు. దాని ఫొటోల్లో ఒక్క వంకరా లేదు, వంకర కప్పడానికి నిలబడే మనిషి అవసరమూ లేదు. టాక్సీ ఆయన ఇల్లు పడగొట్టి ఎవరో మేడ కట్టుకున్నారు. ఆ గోడ మీద నేను నిటారుగా వేసిన టైల్సన్నీ దాంతోనే పోయాయి. వద్దులేమ్మా అని ఆల్బమ్ మూసేశాను. మిగిలిందల్లా ఆ వంకర టైలు ఒక్కటే, అదీ ఆవిడ చెయ్యి కింద.