బోణీ అయ్యేదాకా గడప బయట

పదేళ్లు మోశానండీ దీన్ని. తూకానికి పెడితే మా కొట్లో బిందెలన్నీ కలిపినా ఇంత బరువుండవు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు దాపరికం లేకుండా చెప్పగలుగుతున్నాను.

మాది వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. బేరాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, గంజాయితోనూ బేరం పెట్టాను: పెళ్లిదాకా నీతో, ఆ తర్వాత నీ దారి నీది. ఇంట్లో తెలియకుండా ఏళ్లతరబడి తాగి, పెళ్లికి ముందురోజు ఠక్కున ఆపేశాను. అది ఊరుకుంటుందా? మాఘమాసపు చలిలో దిండు తడిసేలా చెమటలు. అన్నం చూస్తే వికారం. కునుకు పడితే పీడకలలు. చెంచా కిందపడినా అరిచేవాణ్ణి. స్టీలు కొట్లో చెంచాలు పడకుండా ఉంటాయా?

అమ్మ కామెర్లనుకుని కంకిపాడు తీసుకెళ్లి పసరు పోయించింది. లేని జబ్బుకి కిక్కురుమనకుండా తాగాను. తగ్గలేదు. అప్పుడు ఆవిడ చూపు కొత్త కోడలి మీద పడింది. "ఆ పిల్ల కాలుపెట్టిన వేళ మంచిది కాదురా. బోణీ అయ్యేదాకా కొట్లోకి రానీకు."

ఆ సాయంత్రం నా భార్య అడిగింది, "నా వల్లేనాండీ?"

"ఏమో. పెద్దవాళ్లు ఊరికే అంటారా?"

ఏమో అని ఆగిపోవచ్చుగా? ఆ రెండో మాట ఎందుకన్నాను? నిజం చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే ఆమెది పోతుంది, ఆమె కొత్తగా వచ్చింది కదా, ఆమెదైతే ఎవరూ అడగరు అని లోపల లెక్కేసుకున్న మాట నిజం.

కొన్ని వారాలకి చెమటలు తగ్గాయి. ఆమెకి పడ్డ పేరు పోలేదు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే టిఫిన్ క్యారేజీతో వచ్చి, మొదటి బేరం తెగేదాకా అరుగు మీదే నిలబడుతుంది. నేను గిన్నెలు తుడుస్తూ చూడనట్టు ఉంటాను.

నిన్న తుడవడం ఆపేశాను. గల్లాపెట్టె దగ్గర అమ్మ ఉండగానే, అరుగు మీదికి వినపడేలా, అంతా చెప్పేశాను. గంజాయి అన్నాను, పైకే. అమ్మ గల్లాపెట్టెలో చిల్లర మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టడం మొదలెట్టింది.

"లోపలికి రా," అన్నాను నా భార్యతో.

"బోణీ కానివ్వండి," అంది, కదలకుండా.

ఇక ఏం బేరమాడను? నేనే బయటికెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. కుక్కర్ కోసం వచ్చినాయన ఆగి చూశాడు. "ఏంటండీ, ఓనర్లే రోడ్డున పడ్డారు?"

"బోణీ కాలేదండీ. లోపలికి రాకూడదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. నాకు మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ ఎండలో హాయిగా ఉంది.