నాన్న రిపోర్టులో కె

రావులపాలెం దగ్గర గోదావరి లంకలో మా నాన్న అరటితోట కౌలుకి చేసేవాడు. ఎక్కువగా చక్కెరకేళి, కొంచెం కర్పూర. గెలలు కోసిన రోజు చొక్కా నిండా అరటి పసరు మరకలతో ఇంటికి వచ్చేవాడు. ఎంత ఉతికినా పోని మరకలవి.

పెళ్ళయ్యాక నేను రాజమండ్రిలో ఉంటున్నాను. మధ్యాహ్నం ఫోన్లో ‘తిన్నావా నాన్నా’ అని మెసేజ్ పెడితే ‘కె’ అని ఒక్క ఇంగ్లీషు అక్షరం వచ్చేది. ఓకే అనడానికి అది చాలని మార్కెట్లో ఎవరో చెప్పారట. తిన్నా కె, తినకపోయినా కె. కుర్ర వ్యాపారులు వెయ్యిని కూడా కె అంటున్నారని ఓసారి తెగ నవ్వాడు.

ఏళ్ళ తరబడి ఉన్న షుగరు చివరికి కిడ్నీల మీద పడింది. కాళ్ళు వాచిపోతే రాజమండ్రి తీసుకొచ్చి చూపించాను. డాక్టరమ్మ రక్తపరీక్ష రిపోర్టు చూసి, “కె చాలా ఎక్కువగా ఉందండి,” అంది.

నాన్న నా వైపు చూశాడు. నాకూ తెలియలేదు.

“కె అంటే ఏంటండి?”

“పొటాషియం అండి. మంచి కిడ్నీలైతే ఎక్కువైంది బయటికి పంపేస్తాయి. మీకు పోవట్లేదు. మరీ పెరిగితే గుండె ఆగిపోతుంది. కొబ్బరినీళ్ళు తాగొద్దు. అరటిపండు అసలు ముట్టుకోవద్దు.”

“ఎరువు బస్తా మీద ఎన్.పి.కె. అని ఉంటదండి. ఆ కె యేనాండి?”

“అదేనండి.”

ఆటోలో ఇంటికి వస్తుంటే నాన్న, “గెల బాగా ఊరాలని చెట్టు చెట్టుకీ నా చేత్తోనే పొటాష్ వేశానమ్మా,” అని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. అది అయ్యాక మా ఇంట్లో భోజనం. కె కొంత దిగిపోవాలని కూరముక్కలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండేదాన్ని. రుచీ పచీ ఉండేది కాదు. అయినా తినేవాడు. ఊళ్ళో అమ్మ పండ్లు ఇంట్లో ఉంచడం మానేసింది. తోటకి వెళ్ళడం మాత్రం నాన్న మానలేదు.

శ్రావణమాసంలో గెలలకి గిరాకీ. ‘రేపు డయాలసిస్, తప్పకుండా రా’ అని మెసేజ్ పెట్టాను. ‘కె’ అని వచ్చింది. మర్నాడు మనిషి రాలేదు. ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది.

“లారీ వచ్చేసిందంట. గెలలు కోయించాలని పొద్దున్నే తోటకెళ్ళిపోయారే. రేపొస్తానన్నారు.”

ఆ రేపు తెల్లారాక పెరట్లో ముఖం కడుక్కుంటూ కూలబడిపోయాడట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. రాజమండ్రి డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. “కె పెరిగిపోయి ఉంటుందండి,” అంది మెల్లగా.

పెద్దకర్మ రోజు వంటింట్లో అమ్మా నేనూ మాత్రమే ఉన్నాం. ఆయనకిష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాలని బయట ఎవరో అంటున్నారు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

“పోయే ముందురోజు సాయంత్రం తోటలోంచి వస్తా ఓ చక్కెరకేళి పండు తెచ్చుకున్నారే. అరుగు మీద కూర్చుని తింటన్నారు. నేను చూశాను. వద్దండీ అన్నాను. ‘ఒక్కటేగా, ఎన్నాళ్ళయిందో తిని’ అన్నారు. ఆ మొహం చూసి లాక్కోలేకపోయాను.”

నేను పొయ్యి ఆపి ఆమె పక్కన కూర్చున్నాను. పండు వల్ల పోయాడో, డయాలసిస్ తప్పడం వల్ల పోయాడో నాకు తెలియదు. డాక్టరమ్మని అడగలేదు, ఇక అడగను కూడా.

“పండు వల్ల కాదమ్మా,” అన్నాను.

“డాక్టరమ్మ చెప్పిందా?”

“చెప్పింది.”

అమ్మ చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, విస్తరి కడగడానికి లేచింది.