గుక్కెడు గంజి

మాది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. మా ఆయన చనిపోయాడు. ఆ ఏడాదే టెక్కలి ఆసుపత్రిలో గ్రహణం మొర్రికి ఉచితంగా ఆపరేషన్లు చేశారు. నా రెండేళ్ళ కూతురికి అంగిలి కూడా చీలి, తాగిందంతా ముక్కులోంచి వచ్చేసేది. ఆపరేషన్ రోజు పొద్దున్న ఏమీ పెట్టొద్దన్నారు. బిడ్డను ఒట్టి కడుపుతో గడప దాటించకూడదని నేను గుక్కెడు గంజి పట్టాను.

“పిల్లకి ఏటీ ఎట్టనేదు గదా?” అని నర్సు అడిగితే లేదన్నాను. బిడ్డను లోపలికి తీసుకెళ్ళాక, మత్తులో కక్కితే ఊపిరాడదని పక్కనున్న తల్లి చెప్పింది. పరుగెత్తి తలుపు బాదాను.

“అమ్మా, అబద్ధమాడినాను! గంజి తాగించినాను!”

“ముందే సెప్పొద్దేటే తల్లీ! పిల్లని సంపేద్దువు!” అని నర్సు కేకలేసింది.

ఆపరేషన్ ఆపేశారు. ఇక చెయ్యరేమోనని గోడకానుకుని ఏడ్చాను. సాయంత్రం అందరికన్నా ఆఖరున చేశారు.

కుట్లు మానాక మళ్ళీ గంజి పట్టాను. ముక్కులోంచి ఒక్క చుక్కా రాలేదు. ఆ రోజు సిగ్గుపడి తలుపు బాదకపోయి ఉంటే, ఆ గిన్నె ఎవరి నోటికి అందించేదాన్ని?