తెర ఆపేసే అక్క

పలాస స్టేషన్ దగ్గర నెట్ సెంటర్ నడిపిన అక్కకు ఒక అలవాటుండేది. తెర ముందు ఎవరి మొహం వాడిపోయినా, వెనకనుంచి వచ్చి మానిటర్ ఆపేసేది.

నేను డిగ్రీ చదువుతున్న రోజులవి. మేమంతా అప్పుడప్పుడే అక్క చేత నెట్‌లో సొంత పేజీలు తెరిపించుకుంటున్నాం. నా ఫొటో కింద తోటి విద్యార్థులెవరో నా నలుపు గురించి వెక్కిరిస్తూ రాశారు. కాలేజీ ఎగ్గొట్టి, రోజూ సెంటర్‌కు వెళ్లి ఆ మాటలే చదివేదాన్ని. తిండి సహించేది కాదు.

ఒక మధ్యాహ్నం అక్క నా తెర ఆపేసింది.

"ఏటి సేత్తన్నావే? నిన్న సదివిందే మళ్లీ సదువుతన్నావు."

"ఇంకా ఏటి రాసేరో సూడాలక్కా."

"రాత్తారు. నువ్వు సూసినన్నాళ్లూ రాత్తారు. లెగు."

సెంటర్‌కు తాళం వేసి, తన బండి మీద నన్ను బారువ సముద్రపొడ్డుకు తీసుకెళ్లింది. ఎండుచేపల వాసన కొట్టే ఇసుకలో, ఒక పడవ నీడన కూర్చున్నాం. అక్క వెంట తెచ్చిన పొట్లంలోని జీడిపప్పు నా చేతిలో పోసి, "ముందు తిను" అంది. తింటూ తింటూ ఏడ్చేశాను. ఏడుపు ఆగేదాకా నా వీపు నిమురుతూ, సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది.

తిరిగొచ్చాక ఆ పేజీని నేనే తీసేశాను. మర్నాడు కాలేజీకి వెళ్లాను.

మా చదువు పూర్తికాకముందే ఆమె పెళ్లి చేసుకుని ఒడిశా వైపు వెళ్లిపోయింది. ఇప్పుడు ఫోనులో ఆమె పేరు కొట్టి వెతుకుతుంటాను. ఎక్కడా కనిపించదు. మా అందరికీ పేజీలు తెరిచిపెట్టిన అక్క, తనకంటూ ఒక్కటీ పెట్టుకోలేదు. అది తెలిసీ మళ్లీ వెతుకుతాను.