అడిగింది ఇవ్వక పోసిన కొసరు

ఖీమాలో నీళ్ళన్నీ ఇంకిపోయి, అడుగున కొవ్వు చిటపటమనడం మొదలయ్యాక ఒక వాసన వస్తుంది. మిరియాలు, వెల్లుల్లి కలిసిన ఆ వాసన రాగానే నా చెయ్యి దానంతట అదే కిటికీ మూయడానికి పోతుంది. తిరువళ్ళూరులో మా వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా ఎదురింటివాళ్ళ పూజగది ఉంది. ఈ ఉదయం కూడా చెయ్యి పోయింది కానీ మూయలేదు. స్టవ్ తగ్గించి కేరెట్ ముక్కలు వేశాను. పుట్టి బుద్ధెరిగి నేను మాంసం నోట పెట్టలేదు. తిరుత్తణి బజారులో మూడు తరాలుగా స్టీలు సామాన్లు అమ్మిన ఇంట్లో, కోడిగుడ్డును కూడా 'అది' అని తప్ప పేరు పెట్టి పిలవని అమ్మ చేతి కింద పెరిగాను. అటువంటి నేను, గొడ్డుమాంసం సూపు చెయ్యడంలో తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా నాకు సాటి లేరని చెప్పుకోగలను. ఒక్కసారైనా రుచి చూసి ఉంటే ఇంకా ధైర్యంగా చెప్పుకునేదాన్ని. నాకది నేర్పింది ఎస్తేరక్క. ఆమె పోయి ఏడాది దాటింది. ఈ రోజు సూపు కన్నియమ్మకు, అంటే చివరి రోజుల్లో ఎస్తేరక్కను కనిపెట్టుకొని ఉన్న మనిషికి. రెండు రోజులుగా జ్వరమట. ఆ సూపు ఒక తూరి తెచ్చిస్తారా అక్కా అని నిన్న ఫోన్ చేసింది. మాట పూర్తికాకముందే తెస్తానన్నాను. అట్లా వెంటనే సరేననడం నాకు యాభై దాటాక వచ్చింది. రావలసిన రోజున రాలేదు.

ఎస్తేరక్క మా దుకాణం వెనక సందులో రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉండేది. గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సు. పుత్తూరు వైపు నుంచి వచ్చింది, పెళ్ళి చేసుకోలేదు. తెల్ల చీర, చేతికి మగవాళ్ళ గడియారం. సందులో అందరూ ఆమె గుమ్మం దగ్గర నిలబడి రోగాల సంగతులు చెప్పుకునేవాళ్ళు. గుమ్మం దాటి లోపలికి పోయింది నేనొక్కదాన్నే. ఆమె మా నాయనను ఓడించడం చూశాక పోయాను.

మా నాయన బేరానికి ఒక పద్ధతి ఉండేది. మొదటిసారి అడగడం అసలు అడగడమే కాదని ఆయన నమ్మకం. వద్దని దిగి వెళ్ళిపోయే మనిషి మూల తిరిగేలోగా వెనక్కి చూస్తాడు, అప్పటిదాకా మనం ఏమీ పట్టనట్టు గుడ్డతో గిన్నె తుడుచుకుంటూ ఉండాలి. ఒకనాడు ఎస్తేరక్క అడుగు మందంగా ఉన్న గిన్నె ఒకటి చేతిలోకి తీసుకొని ధర అడిగింది. నాయన తన అలవాటు ప్రకారం రెండింతలు చెప్పాడు. "అయితే వద్దులెండి" అని ఆమె దిగిపోయింది. నాయన గిన్నె తుడవడం మొదలుపెట్టాడు. ఆమె వెనక్కి చూడకుండానే మూల తిరిగింది. నాయనకు దిక్కు తోచక నన్ను పంపాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. పరుగెత్తి, నాయన తగ్గిస్తాడంట రా అక్కా అన్నాను.

"మీ నాయన చెప్పినాడు, నేను వద్దన్నాను. మాట అయిపోయింది కదా పాప" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు వింతగా తోచింది. మా ఇంట్లో వద్దన్నారంటే మాట అప్పుడే మొదలైందని అర్థం. ఆ సాయంత్రం దాకా నాయన ఆ గిన్నెనే తుడిచాడు. మర్నాడు పొద్దున తనే ఆమె గుమ్మం దగ్గరికి తీసుకుపోయి సరైన ధర చెప్పి ఇచ్చి వచ్చాడు. ఆ తరవాత ఆమెకు ఎప్పుడూ ఒకే ధర. "ఆయమ్మతో కష్టం, బేరానికి సందే ఇవ్వదు" అని ఒంట్లో బాగాలేనట్టు చెప్పుకునేవాడు. ఈ కథంతా నా కళ్ళ ముందే జరిగింది. నాకు తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు లేకుండా జరిగింది.

ఆదివారాలు ఆమె ఆ గిన్నెలోనే సూపు కాచేది. నర్సు చదువు చదివిన మిషన్ హాస్టల్లో నేర్చుకున్నదట. ఖీమా, కేరెట్, బీన్స్, ఉర్లగడ్డ, క్యాబేజీ, గుప్పెడు బార్లీ. ఒక్క గిన్నె తాగితే రాత్రి అన్నం అక్కర్లేదనేది. టైఫాయిడ్ వచ్చి లేచిన ఏడాది, నాకు ఆ వాసనకు నోరూరింది. కొంచెం పొయ్యమని అడిగాను.

"మీ అమ్మకు చెప్పి రా, పోస్తాను."

నేను బేరం మొదలుపెట్టాను. అర గ్లాసు చాలన్నాను. ముక్కలు వద్దు, పైన తేట మాత్రమే అన్నాను. చివరికి రెండు చెంచాలకు దిగి, మందని చెప్తాలే అని కూడా అన్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. "మీ నాయన బిడ్డవే. చెప్పి రా మే. దొంగగా అయితే పోయను" అని గిన్నె మీద మూత పెట్టేసింది. నేను అమ్మకు చెప్పలేదు. సూపు వాసన నాకు మిగిలింది, రుచి ఆమెకు మిగిలింది.

నా ఇరవయ్యో ఏట నాయనకు పక్షవాతం వచ్చింది. దుకాణం తను చూసుకుంటానని చిన్నాన్న అన్నాడు. చుట్టాలందరూ అదే మేలన్నారు. ఎస్తేరక్క నాయన చెయ్యి పట్టుకొని నాడి చూస్తూ, తల ఎత్తకుండా నాతో, "రేపు పొద్దున షట్టరు నువ్వెత్తు" అంది. నేను పది కారణాలు చెప్పాను. ఆడపిల్లనన్నాను, తమిళం రాయడం సరిగ్గా రాదన్నాను, హోల్‌సేలు వాళ్ళు నన్ను లెక్కచెయ్యరన్నాను. ఆమె గడియారం చూసుకుంటూ నాడి లెక్క పెడుతోంది. చెప్పాల్సింది ఒకసారి చెప్పేసింది కదా. మర్నాడు షట్టరు ఎత్తాను. పెళ్ళయి వచ్చి నేను దుకాణం పెట్టిన ఈ తిరువళ్ళూరు బజారులో ఈ రోజు నా పేరు చెప్తే బేరమాడడానికి భయపడతారంటే అది ఆ పొద్దున మొదలైంది. ఆమె నాకు నిటారుగా నిలబడడం నేర్పింది. నేను దాన్ని కూడా వ్యాపారానికి వాడుకున్నాను.

రిటైరైన కొన్నేళ్ళకు ఆమె గొంతులో గడ్డ తేలింది. మద్రాసులో చూపిస్తే, ఇక చేసేదేమీ లేదని మెత్తగా చెప్పి పంపేశారు. గట్టి పదార్థం దిగదు. చేతులు వణుకు. నేను ఆదివారం ఆదివారం ట్రైనులో తిరుత్తణికి పోయి చూసి వచ్చేదాన్ని. ఒకనాడు, సూపు తాగాలని ఉంది, నువ్వు చెయ్యి అంది. ఆమె కుర్చీలో కూర్చొని చెప్తుంటే అక్కడే ఒకసారి చేసి నేర్చుకున్నాను. తరవాత తిరువళ్ళూరులోనే చేసి తీసుకుపోసాగాను.

మొదటిసారి మాంసం కొట్టుకు పోయిన రోజు నా వేషం చూసి దొంగతనానికి వచ్చాననుకొని ఉంటారు. తలమీద కొంగు, చేతిలో మా దుకాణం పేరున్న సంచీ. ఆ పేరు కనిపించకుండా సంచీని తిరగేసుకున్నాను. కొవ్వు లేకుండా రెండు తూర్లు ఆడించమని ఎస్తేరక్క చెప్పిన మాటలు పాఠంలా అప్పజెప్పాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఏది కొవ్వో ఏది కండో తెలియని దాన్ని, సరుకు బాగాలేదు తగ్గించు అన్నాను. మొదటి తూరా అక్కా అని కొట్టు భాయి తమిళంలో అడిగాడు. తగ్గించలేదు. కొసరైనా వెయ్యి అంటే ఒక ఎముక వేశాడు. ఆ ఎముకే సూపుకు ప్రాణమని ఎస్తేరక్క తరవాత మెచ్చుకుంది.

ఉప్పు దగ్గర నాకు భయమేసింది, రుచి చూడలేను కదా. "మీ ఇంట్లో నైవేద్యం రుచి చూసి వండుతారా?" అని అడిగింది. చూడం కదా అన్నాను. "దేవుడు ఎప్పుడైనా వంక పెట్టినాడా? అట్లే చెయ్యి." అట్లే చేశాను. ఇంటికి వచ్చి, కూరగాయలు గోరంత ముక్కలు తరిగి, ఖీమా ఎర్రగా వేగాక వేడి నీళ్ళు పోసి, నురగ తీసి, గంట సేపు సన్న మంట మీద ఉంచి, చివరికి పప్పుగుత్తితో మెదిపి వడగట్టి, స్నానం చేసిన చేతులతో, రుచి చూడకుండా. ప్రతి ఆదివారం, పోయిన వారం సూపులో ఉప్పు సరిపోయిందా అక్కా అని అడిగేదాన్ని. సరిపోయింది పాప అనేది.

తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో మొదటి ఆదివారం నేను కేరియర్ విప్పుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది. అప్పటికి గొంతు గాలిలా వచ్చేది.

"నన్ను నీ దగ్గరికి తీసుకొనిపో పాప."

నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఆడి నెల పోనీ అక్కా, చూస్తాం" అన్నాను. ఆడిలో ఎవరూ ఇల్లు మారరు, అది నిజమే. కానీ నా మనసులో తిరిగింది ఆడి కాదు. ఆమె వస్తే ఆమె గిన్నె వస్తుంది. ప్రార్థన చేసేవాళ్ళు వస్తారు. ఎదురింటివాళ్ళు చూస్తారు. చివరికి శవం మా గుమ్మంలోంచి లేవాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో బేరీజు వేసుకున్నాను. నా బుర్ర అంత వేగంగా పనిచేస్తుందని మా నాయనకు గర్వంగా ఉండేది.

"సరే పాప" అంది. చెయ్యి వదిలేసింది. నేను కేరియర్ గిన్నెలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను.

మళ్ళీ అడుగుతుందనుకున్నాను. అడిగితే కాదనకూడదని కూడా ట్రైనులో నిర్ణయించుకున్నాను. తిరువాలంగాడు దాటేసరికి ఆమె మంచం ఎక్కడ వెయ్యాలో కూడా అనుకున్నాను. రెండో ఆదివారం అడగలేదు. మూడో ఆదివారం అడగలేదు. నా దుకాణం ముందు ఆడి తగ్గింపు అని గుడ్డ బ్యానరు కట్టి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ధర తగ్గించి అమ్ముతున్న రోజులవి. ఎస్తేరక్కకు మాత్రం సూపు ఇంకొంచెం చిక్కగా చేశాను. రెండు ఎముకలు వేశాను. కేరియర్ ఒక అంతస్తు పెంచాను. అడిగిన సరుకు ఇవ్వకుండా కొసరు పోస్తూ పోయాను.

ఆడి నెల పూర్తి కాలేదు. నాలుగో ఆదివారానికి ముందు శుక్రవారమే కన్నియమ్మ ఫోన్ చేసింది.

పూడ్చి వచ్చిన సాయంత్రం మా ఆయనకు చెప్పాను, నీ దగ్గరికి తీసుకొనిపో అని ఆమె అడిగిందని. శనివారం వీరరాఘవస్వామి దర్శనం తప్పని మనిషి ఆయన. ఆయన జవాబు నేనే ఊహించుకొని, ఆ ఊహ మీదే ఇంత వ్యవహారం నడిపాను.

"ముందు గది ఖాళీగానే ఉంది కదా. నన్ను అడిగినావా నువ్వు?" అన్నాడు.

అడగలేదు. జీవితమంతా ఎదుటి మనిషి ధర నేనే ముందు కట్టేసేదాన్ని. అది తెలివి అనుకునేదాన్ని.

ఆమె సామాన్లు సర్దడానికి పోయినప్పుడు కన్నియమ్మ నా కేరియర్ తోమి మూల పెట్టి ఉంచింది. ఎట్లా తాగేది చివర్లో అని అడిగాను. అడగకుండా ఉండవలసింది. "చివరి మూడు వారాలు నీళ్ళు తప్ప ఏమీ దిగలేదు అక్కా. మీరు పోయినాక మూత తీసి వాసన చూసేది. నన్ను తాగమనేది. పాప ట్రైనులో మోసుకొని వస్తాది, చెప్పొద్దు అనింది."

మరి నాతో ఉప్పు సరిపోయిందని చెప్పేదే, అన్నాను.

"ఉప్పు ఎప్పుడూ తక్కువే అక్కా" అంది కన్నియమ్మ, తనే తప్పు చేసినట్టు.

దొంగగా రెండు చెంచాలు కూడా పొయ్యని మనిషి నా కోసం అబద్ధం చెప్పింది. అది కూడా ఒక్కసారి కాదు, ఆదివారం తరవాత ఆదివారం. నేను ఆమెకు నేర్పగలిగింది అదొక్కటే.

ఇప్పుడు ఎవరేమి అడిగినా మొదటిసారికే సరేనంటున్నాను. నాకు వయసైపోయిందని బజారులో నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ. అడిగేవాళ్ళలో ఎస్తేరక్క లేదు. ఎన్ని సరేలు చెప్పినా ఆ ఒక్క 'చూస్తాం' అట్లాగే ఉంది.

సూపు ఉడికింది. ఆ గిన్నే ఇది, నాయన సాయంత్రం దాకా తుడిచిన గిన్నె. చిటికెడు ఉప్పు ఎక్కువ వేశాను. చాలిందో లేదో తెలియక గరిటె పెదవుల దాకా తెచ్చాను. ఆవిరి ముఖానికి కొట్టింది. మీ అమ్మకు చెప్పి రా, పోస్తాను. చెప్పుకుందామంటే అమ్మ పోయి పదేళ్ళు. పోసే మనిషి లేదు. గరిటె దించి, సూపు కేరియర్‌లోకి వంచి, క్లిప్పు బిగించాను. ఉప్పు సంగతి కన్నియమ్మ నిజమే చెప్తుంది.