జనగామ రోడ్డు మీద లచ్చిరాం ఆగే చోటు

లచ్చిరాంకు జనగామలో రెండో సంసారం ఉందన్న మాట మా గల్లీలో ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆయన బండి వెనక కొంగు ముఖానికి చుట్టుకున్న ఆడమనిషిని నెల్లికుదురు దగ్గర చూశామని పోయిన నెలలో కూడా ఒకరు నాతో అన్నారు. చూసిన మాట నిజమే. ఆ ఆడమనిషి ఆయన భార్య రుక్కి. ఇన్నేళ్ల కాపురంలో రోడ్లు చూడడానికి ఎన్నడూ ఆ బండి ఎక్కని రుక్కి ఇప్పుడెందుకు ఎక్కుతుందో నాకు తెలుసు. ఊహించి చెప్పడం లేదు. ఆయన వెనకాలే పోయి కళ్లారా చూసి, ఆఖరికి ఆయన్నే అడిగి తెలుసుకున్నాను. అందుకే రాస్తున్నాను.

లచ్చిరాంది నెల్లికుదురు అవతల తండా. మహబూబాబాద్‌లో మా ఇంటికి ఎదురిల్లు కట్టుకుని చాలా కాలమైంది. రోడ్డు పనుల్లో రోలర్ డ్రైవర్. చిన్నప్పుడు కంకర మోసే కూలీగా చేరి, తర్వాత రోలర్ ఎక్కి, వయసు మీదపడేదాకా దిగలేదు. పని మానేశాక ఆయనకు పట్టుకున్న పిచ్చి కూడా అదే. తీర్థాలకు పోయేవాళ్లు ఉన్నట్టు, లచ్చిరాం రోడ్లు చూడడానికి పోతాడు. కొత్త రోడ్డు పడిందంటే చాలు, బండి తీస్తాడు. చెప్పులు విడిచి దాని మీద నాలుగు అడుగులు వేసి, వంగి అరచేయి ఆనించి, అప్పుడు లేస్తాడు.

సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునేవాడు. పెద్ద మోటారు సైకిళ్లు కొనుక్కున్న కుర్రాళ్లు చుట్టూ చేరి అడిగేవారు.

“బాపూ, రోడ్ల మీద తిరుగనీకి ఏ పట్నం మంచిగుంటది?”

“హైదరాబాద్ సుట్టూత ఔటర్ రోడ్డున్నది గదా, గది బండికి మంచిది. మనిషికి గాదు. ఆడ ఆగనియ్యరు. ఆగరాని రోడ్డు ఏం రోడ్డురా?”

“మరి వైజాగ్?”

“గాడ ఒక దిక్కు సముద్రం, ఒక దిక్కు కొండ. అవ్వ, అయ్య నడుమ పండుకున్న పిల్ల లెక్క ఉంటది రోడ్డు. చూడాలె. నాగపూర్ దాటినంక ఇంకోటున్నది. పులులు కింది నుంచి పోవాలెనని అడివిల రోడ్డును మీదికి లేపిండ్రు. గట్ల ఆలోచన చేసినోడు పెద్ద మనసున్నోడు.”

“మన భూపాలపల్లి రోడ్డును గూడ చెప్పరాదు, బాపూ. నడుము ఇరగ్గొట్టుకోనీకి మంచిది.”

“నవ్వకు. గన్ని బొగ్గు లారీలు తొక్కుతుంటె నువ్వయితె ఒక్క పూట ఆగుతవా? దాని ఓపిక చూడాలె.”

ఒకసారి నేనే మధ్యలో అందుకుని, “జనగామ రోడ్డెట్లున్నది లచ్చిరాం, నాలుగు వరుసలు చేసిండ్రట గదా” అన్నాను. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. “అది మామూలు రోడ్డే అక్కా” అని ఇంట్లోకి పోయాడు. కుర్రాళ్లు వాళ్ల మాటల్లో వాళ్లు పడ్డారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ప్రతి ఆదివారం పొద్దున్నే సద్ది డబ్బా కట్టుకుని, “భూపాలపల్లి రోడ్డు చూసొస్త” అని బయలుదేరేవాడు. భూపాలపల్లికి నర్సంపేట మీదుగా పోవాలి. ఆయన బండి నెల్లికుదురు వైపు తిరిగేది. మా వీధి చివర బట్టలు కుట్టే మంజుల ఆ మలుపు దగ్గరే ఉంటుంది. ఆమె ఒకరోజు పుట్టింటి నుంచి వస్తూ జనగామ బజారులో ఆయన్ని చూసింది. గాజుల అంగడి ముందు నిలబడి పసిపిల్లల గాజులు ఏరుతున్నాడట. ఇక ఆగుతుందా? సాయంత్రానికి ఆయనకు జనగామలో భార్య వచ్చింది. మర్నాటికి పిల్ల పుట్టింది.

ఆ మాట రుక్కి చెవిన పడ్డ రోజున ఆమె ఏడవలేదు. వచ్చి నా గడపలో కూర్చుంది.

“అక్కా, ఆదివారం వచ్చిందంటె నెయ్యి గిన్నె ఖాళీ అయితది. బెల్లం గడ్డ తరుగుతది. ఎలుకలనుకున్న. మా తండల రొట్టె నలిపి, బెల్లం నెయ్యి కలిపి చుర్మో చేస్తం. దేవునికన్న పెడ్తం, పిల్లలకన్న పెడ్తం. గీయిన దేవునికి మొక్కంగ నేనెన్నడు చూడలే.”

“నువ్వే అడుగరాదు.”

“అడిగిన. భూపాలపల్లి పోతున్న అంటడు. మా తమ్ముడు హరిలాల్ ఆడ్నే టిప్పర్ తోలుతడు. ఎన్నడన్న కనవడ్డడా అంటె, ఒక్కనాడు గూడ కనవడలే అన్నడు.”

అంతటితో ఆగలేదు. హరిలాల్ తండా పెద్దల్ని ఇద్దర్ని తీసుకుని వచ్చే ఆదివారం సాయంత్రం వస్తానన్నాడు. బావ నిజం ఒప్పుకోకపోతే అక్కను టేకుమట్లలో తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. రుక్కి చీరలు సంచిలో పెట్టుకుంది. పెద్ద కొడుకు ఫోన్ చేసి బతిమాలినా సంచి విప్పలేదు.

“పొద్దుగూకేదాక ఆగు. నేను చూసొస్త” అన్నాను.

ఆ ఆదివారం మొదటి రైలుకే జనగామ పోయాను. మా చెల్లెలి కొడుకుకు అక్కడ ఆటో ఉంది. పాలకుర్తి రోడ్డు ఊళ్లో కలిసే చోట కాచుకుని కూర్చున్నాం. ఎండ ముదరక ముందే లచ్చిరాం వచ్చాడు. ఇళ్లవైపు తిరుగుతాడేమో అని చూశాను. తిరగలేదు. పెద్ద రోడ్డెక్కి వరంగల్ వైపు పోయాడు. ఊరు దాటి కొంత దూరం పోయాక, ఒక చిన్న వంతెనకు ముందు బండి పక్కకు తీశాడు. ఎదురుగా చాయ హోటల్ ఉంటే నేను అందులో చేరాను.

అక్కడ ఇల్లు లేదు, గుడిసె లేదు. ఇనుప రెయిలింగ్, అవతల పత్తి చేను. లచ్చిరాం చెప్పులు విడిచి రోడ్డు అంచున మట్టిలో కూర్చున్నాడు. డబ్బా తెరిచి మోదుగాకులో రెండు ముద్దలు పెట్టాడు. జేబులోంచి ఏదో తీసి ఆకు పక్కన పెట్టాడు. గాజులని ఎండకు మెరిసినప్పుడు తెలిసింది. లారీల వరుస అయిపోయేదాకా ఆగి, రోడ్డు మీదికి రెండడుగులు వేసి, వంగి తారుకు అరచేయి ఆనించాడు. మళ్లీ లారీ హారన్ కొడితే గాని లేవలేదు.

“గీయన వారం వారం వస్తడా?” అని చాయ పోసే ఆమెను అడిగాను.

“వస్తడవ్వా. ఎవలతోని మాట్లాడడు. ఒకపారి పోలీసోళ్లు ఆగి, గీడ ఏం జేస్తున్నవంటె, రోడ్డు చూస్తున్న అన్నడు. పిచ్చోడనుకొని పోయిండ్రు.”

నేను చాయ సగంలోనే వదిలేశాను. ఆయన్ని పలకరించడానికి నాకు నోరు రాలేదు. అట్లా రాకపోవడం నాకు అరుదు.

మధ్యాహ్నం రైలుకు ఇల్లు చేరేసరికి రుక్కి సంచి పక్కన పెట్టుకుని వాకిట్లోనే ఉంది.

“ఆడమనిషి లేదు, పిల్ల లేదు. రోడ్డుకు చుర్మో పెట్టిండు, గాజులు పెట్టిండు. నాకేం సమజ్ కాలేదు రుక్కీ” అన్నాను.

“యాడ?”

“జనగామ దాటినంక, వంతెన ముందల.”

రుక్కి సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తర్వాత, “ఆడ రాయి ఉన్నదా అక్కా?” అంది.

“ఏ రాయి? రెయిలింగ్ ఉన్నది. పచ్చ బోర్డున్నది.”

అప్పుడు చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఆ రోడ్డు పనిలోనే ఉన్నారు. రోడ్డు పక్కన డేరాలు వేసుకుని, పని సాగినకొద్దీ డేరాలు ముందుకు జరుపుకుంటూ బతికేవాళ్లు. ఆ పనివాళ్లకు ఊళ్ల పేర్లు గుర్తుండవు, కిలోమీటరు రాళ్లే గుర్తు. ఎక్కడ వండుకున్నారో, ఎక్కడ పాము కనపడ్డదో, ఎవరి కొడుకు ఎక్కడ పుట్టాడో, అన్నీ రాయితోనే చెప్పుకుంటారు. వాళ్ల మొదటి పిల్ల లాలి అట్లాగే ఒక రాయి దగ్గర పుట్టింది. నడక వచ్చే వేళకు, జనగామ దాటాక డేరాలో జ్వరం వచ్చి పోయింది.

“పెండ్లి గానోళ్లను మేము కాల్చం, బొంద పెడ్తం. మొగోళ్లే పోయిండ్రు. నన్ను రానియ్యలే. యాడ పెట్టిండ్రంటె, మూడో రాయి ఎనుక అన్నడు. చెట్టు గుర్తు పెట్టుకుంటె కొట్టేస్తరు, రాయి సర్కారుది, ఎవలు ముట్టుకోరు అన్నడు. నేను గూడ నిజమే అనుకున్న అక్కా. రోడ్డు పని చేసేటోళ్లం. రాయిని నమ్మినం.”

“తర్వాత ఎన్నడు పోలేదా?”

“పోలే. తల్లి పోవద్దన్నరు. రోడ్డు ఎడల్పు చేస్తున్నరని ఇన్నప్పుడు అడిగిన, మన రాయి ఉన్నదా అని. ఉన్నది అన్నడు. మల్ల అడిగిన. ఉన్నది అన్నడు.”

పొద్దు వాలుతుండగా హరిలాల్, తండా పెద్దలిద్దరూ వచ్చి మంచాల మీద కూర్చున్నారు. ఆ వెనకే లచ్చిరాం బండి వచ్చి ఆగింది. వాకిట్లో మనుషుల్ని చూసి, సంచిని చూసి, అర్థమైనట్టు గోడ దగ్గర నిలబడ్డాడు.

“బావా, పెద్దమనుషులు కూసున్నరు. ఎవలామె? ఉన్నదున్నట్టు చెప్పు” అన్నాడు హరిలాల్.

లచ్చిరాం తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. రుక్కి మాట్లాడింది.

“రాయి ఉన్నదంటివి.”

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఎవరు చెప్పారో తెలిసింది. నేను చూపు తిప్పుకోలేదు.

“ఉన్నది. పక్కకు జరిపిండ్రు” అన్నాడు.

“రాయిని జరిపిండ్రు. పిల్లను జరిపిండ్రా?”

హరిలాల్ లేచినవాడల్లా మళ్లీ మంచం మీద కూలబడ్డాడు. పెద్దల్లో ఒకాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇంకొకామె ఉన్నా కొట్లాడుదును” అంది రుక్కి. “నా పిల్ల మీదికెల్లి బండ్లు పోతుంటె, నాకు రాయి ఉన్నదని చెప్పినవ్. ఇంగ నీ ఏ మాట నమ్మాలె? పా తమ్మీ.”

సంచి ఎత్తుకుని గేటు దాకా వచ్చింది. హరిలాల్ లేవలేదు. లచ్చిరాం అడ్డం పోలేదు.

నా మనసులో రుక్కి లాలి సంగతి చెప్పినప్పటి నుంచి ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది. అడగవచ్చో అడగరాదో తెలియలేదు. ఆమె గేటు దాటితే ఇక అడిగేవాళ్లు ఎవరూ ఉండరని మాత్రం తెలిసింది.

“లచ్చిరాం, రోడ్డు ఎడల్పు చేసిన నాడు నువ్వింక పని మీదనే ఉన్నవ్. గా జాగల రోలర్ ఎవలు తోలిండ్రు?”

రుక్కి అడుగు ఆగింది. లచ్చిరాం ఆమె వైపే చూస్తూ, నాకు జవాబు చెప్పాడు.

“నేనే తోలిన అక్కా. ఇంకో డ్రైవర్ ఉండె, వాన్ని ఎక్కనియ్యలే. వాడు పాటలు పెట్టుకొని జోరుగ తోలుతడు, వానికేమెరుక. ఎంత మెల్లగ తోలొచ్చునో అంత మెల్లగ తోలిన. బండి చెడిపోయిందా అని మేస్త్రీ తిట్టిండు. దిగి చేయి పెట్టి చూసిన. గన్ని పట్నాలు తిరిగిన గని, గంత నున్నగ రోడ్డు నాకు యాడ పడలే. గా మాట రుక్కికి ఎట్ల చెప్పాలె?”