తియ్యని చీటీ

యూసుఫ్‌గూడలో శకుంతలమ్మ ఇస్త్రీ పెట్టె పట్టి పద్దెనిమిదేళ్లు. ఫిలింనగర్ షూటింగుల బట్టలు ఆమె చేతి మీదుగానే వెళ్లేవి. పోలీసు చొక్కాకైనా పెళ్లికొడుకు లాల్చీకైనా ఇస్త్రీ అయ్యాక కాలరుకు గుండుసూదితో చీటీ గుచ్చేది. వేసుకునేవాళ్లే దాన్ని తీసేవాళ్లు. పొద్దున్నే పెద్దమ్మ తల్లికి దండం పెట్టుకుని, బొగ్గులు రాజేసి, పక్కగదిలో కిరాయికున్న లీలాకుమారికి మొదటి చాయ్ ఇచ్చేది.

లీలాకుమారిది తణుకు దగ్గర పల్లె. తెలుగు మీడియంలో చదివి మెడిసిన్ సీటు తెచ్చుకుంది.

"డాక్టరమ్మా, చాయ్!"

"ఇంకా కాలేదు కదండీ, పిన్నిగారూ."

"అయితవ్ తియ్. నా మోకాళ్ల నొప్పి నీ కోసమే దాచిపెట్టిన."

మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ పిల్ల తెల్ల ఏప్రానుకు కూడా చేతి అలవాటు కొద్దీ చీటీ గుచ్చేది శకుంతలమ్మ. ఆ వానాకాలం మూడు సోమవారాలు అది చీటీతోనే ఇస్త్రీకి వచ్చింది. "ఎంత నీటుగ వాడుతదో!" అని మురిసి, పైపైన పెట్టె తిప్పి ఇచ్చేసింది. నాలుగో సోమవారం చూస్తే సూది తుప్పు పట్టి కాలరుకు మరకైంది. చెయ్యి ఆగిపోయింది. పిల్ల దీన్ని వేసుకోనేలేదు! కాలేజీకే పోవడం లేదు! చాయ్ గ్లాసులు నిండుగా తిరిగి రావడం అప్పుడు గుర్తొచ్చింది.

గదికి లోపల గడియ. కిటికీలోంచి చూసింది. పుస్తకాలన్నీ తాడుతో కట్టి ఉన్నాయి. వాటి మీద రుమాల్లో చెవి కమ్మలు, 'అమ్మకు' అని రాసిన కాగితం. పిల్ల గోడవైపు తిరిగి కూర్చుంది. శకుంతలమ్మ తలుపు బాదింది.

"డాక్టరమ్మా! తలుపు తియ్!"

"అలా పిలవకండి..."

ఇన్నాళ్లూ పేరు పెట్టి పిలిచిందే లేదు.

"లీలా! బిడ్డా! నేను, శకుంతలను. తియ్ తల్లీ."

ఎంతసేపటికో గడియ కదిలింది.

"రెండుసార్లు పరీక్ష తప్పానండీ. ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే నోరు పెగలదు, క్లాసంతా నవ్వుతారు. గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేస్తున్నా. ఊళ్లో నాన్నగారు అప్పుడే నా పేరు ముందు డాక్టరని బోర్డు రాయించారు. మీరలా పిలిచినప్పుడల్లా చచ్చిపోవాలనిపించేది."

"నా నోరు పడిపోను! లే, ఎర్రగడ్డ దవాఖానకు పోదాం."

"అమ్మో! నాకు పిచ్చా?"

శకుంతలమ్మకూ భయమే. కోపమొస్తే ఎదుటివాళ్లను ఆ పిచ్చాసుపత్రి పేరుతోనే ఎన్నిసార్లు వెక్కిరించిందో! అయినా చెయ్యి వదల్లేదు. వరసలో నిలబడ్డంతసేపూ పెద్దమ్మను తలుచుకుంటూనే ఉంది. డాక్టరు శారదాదేవి గంటసేపు ఓపిగ్గా విని, మందులు రాసి, "ఒంటరిగా ఉంచకండి" అంది.

ఇంటికి రాగానే శకుంతలమ్మ పిల్ల గది లోపలి గడియ మేకులు ఊడదీసింది. మర్నాడు చాయ్ గ్లాసు సగం ఖాళీగా తిరిగొచ్చింది. భయం మాత్రం పోలేదు. ఇస్త్రీలో ఒక్కో బట్ట మారినప్పుడల్లా పెట్టె పక్కన పెట్టి పిలిచేది.

"లీలా!"

"ఆఁ, పిన్నీ."

అది చెవిన పడ్డాకే మళ్లీ పెట్టె ఎత్తేది.